మరమనిషి మెదడు ఎక్కడుంది?

ఏ హైస్కూలు పిల్లవాణ్ణయినా పిలిచి మరమనిషి బొమ్మ గీయమనండి. నలుచదరపు తల, కళ్ళున్న చోట రెండు బల్బులు, నెత్తిన ఒక ఏరియల్ గీసి ఇస్తాడు. మెదడెక్కడరా అంటే తల మీద వేలు పెడతాడు. వాణ్ణి తప్పుపట్టడానికి లేదు. వాడికంటే చాలా పెద్దవాళ్ళు, ప్రపంచ ప్రసిద్ధులైన రచయితలు కూడా, చాలాకాలం ఆ పనే చేశారు. మన తల భుజాల మీద ఉంది కనుక మరమనిషికీ అక్కడే పెట్టారు. మన మెదడు తలలో ఉంది కనుక దాని మెదడునూ తలలోనే దాచారు.

కానీ ఇనుముతో చేసే మనిషికి ఈ నిర్బంధం ఎందుకు? మెదడు పొట్టలో ఉండవచ్చు. వీపున ఉండవచ్చు. బుర్ర మోకాల్లో ఉందా అని మనం ఒకరినొకరు తిట్టుకుంటాం. మరమనిషి విషయంలో అది తిట్టు కాదు, ఇంజనీరు ముందున్న దారుల్లో ఒకటి. అసలు ఒంట్లోనే ఉండాలన్న నియమం కూడా లేదు.

ఇది తీరిక వేళ మాట్లాడుకునే సరదా ప్రశ్నలాగా కనిపించవచ్చు. నాకు అట్లా తోచదు. ఒక యంత్రానికి మెదడు ఎక్కడుంది, ఆ మెదడు ఒంటిని ఏ తాడుతో ఆడిస్తుంది అని అడగడమంటే, ఆ యంత్రం ఎవరి మాట వింటుంది అని అడగడమే. ఆదోని, ఎమ్మిగనూరు వైపు పుట్టి పెరిగిన మనకు ఈ ప్రశ్న ఇతరులకంటే బాగా అర్థం కావాలి. మన వీధుల్లో మగ్గం ఉంది గనుక ఈ మాట అంటున్నాను.

ముందు కథల సంగతి చూద్దాం. మన కథలు మెదడును తలకు కట్టిపడేయలేదు. అరణ్యకాండలో కబంధుడున్నాడు. ఇంద్రుడి వజ్రాయుధం దెబ్బకు తల మొండెంలోకి దిగబడి, నోరు కడుపులో, ఒంటికన్ను రొమ్ము మీద పెట్టుకుని బతికిన రాక్షసుడు. వాడి బలమంతా యోజనాల పొడవున సాగే చేతుల్లో ఉంది. రామలక్ష్మణులు ఆ చేతులు రెండూ నరికేసరికి తల ఎక్కడుందన్న ప్రశ్నే అనవసరమైపోయింది. మెదడు బాగున్నా, ఆజ్ఞ అందుకునే అంగం లేనప్పుడు చేసేదేమీ లేదు.

కథాసరిత్సాగరంలో ఇంకా వింత ఉంది. నరవాహనదత్తుడు ఒక పట్నానికి పోతాడు. వీధుల్లో జనం నడుస్తుంటారు, అంగళ్ళలో బేరగాళ్ళు కూర్చుని ఉంటారు, కానీ ఎక్కడా మాట వినబడదు. అందరూ కొయ్యబొమ్మలే. ఆ పట్నం మొత్తానికి ప్రాణమున్నవాడు ఒక్కడే, ఆ బొమ్మలన్నీ చేసిన వడ్రంగి రాజ్యధరుడు. ఒళ్ళు వేలకొద్దీ, మెదడు ఒకటి. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో కూర్చుని సోమదేవుడు రాసిన సంగతి ఇది. అదే శతాబ్దంలో ధారానగరాన్ని ఏలిన భోజుడి పేరున ఉన్న సమరాంగణ సూత్రధారంలో యంత్రాల మీద ఒక అధ్యాయమే ఉంది. కొయ్య ద్వారపాలకుల గురించి అందులో వర్ణించారు. అయితే వాటి లోపలి అమరిక పూర్తిగా చెప్పలేదు. తెలియక కాదు, గుట్టు నిలబడాలని చెప్పడం లేదు అన్నారు. యంత్రాన్ని ఊరందరికీ చూపించి మెదడును మాత్రం దాచిపెట్టుకోవడం ఈనాటి కంపెనీల కొత్త తెలివేమీ కాదన్నమాట!

ఇక బాలనాగమ్మ కథ. బుర్రకథల్లో విన్నాం, 1942లో కాంచనమాల నటించగా జెమినీ వాళ్ళు సినిమా తీశారు. మాయల ఫకీరును ఎన్ని కత్తులతో పొడిచినా చావడు. వాడి ప్రాణం వాడి ఒంట్లో లేదు, సముద్రాల అవతల ఒక చిలుకలో ఉంది. బాలవర్ధిరాజు పోయి ఆ చిలుకను పట్టేదాకా ఫకీరును ఎవరూ ఏమీ చేయలేకపోయారు. ప్రాణం వేరు, మెదడు వేరు కదా అని మా ఫిజిక్సు మిత్రులు అభ్యంతరం చెప్పవచ్చు. నిజమే. కానీ ఒంటిని ఒకచోట తిప్పుతూ, ఆ ఒంటికి ఆధారమైనదాన్ని ఎవరికీ అందనిచోట దాచవచ్చు అన్న ఊహను మన అవ్వలు పొయ్యి దగ్గర కూర్చుని చెప్పారు. ఆ ఊహను గట్టిగా గుర్తు పెట్టుకోండి. ముందు దానితో పని ఉంది.

పాశ్చాత్యుల సంగతికి వస్తే, రోబో అన్న మాటను లోకానికి ఇచ్చింది చెక్ రచయిత కారెల్ చాపెక్. 1920లో అచ్చయిన ఆయన నాటకంలో అది కనబడింది. వెట్టిచాకిరి అనే అర్థమిచ్చే చెక్ మాట నుంచి అది పుట్టింది. విచిత్రమేమిటంటే చాపెక్ రోబోలు ఇనుప మనుషులు కావు. రసాయనాలతో వండిన ఒక పదార్థంతో అచ్చం మనిషిలాగే తయారైనవి. వాటి మెదడు ఎక్కడుందన్న చర్చకు ఆయన దిగలేదు. వెట్టి చేసేవాడికి మెదడుంటే ఏమవుతుందన్నదే ఆయన బాధ.

మెదడును పట్టుకున్నవాడు ఐజక్ అసిమోవ్. 1940 నుంచి ఆయన రాసిన కథల్లో మరమనిషి పుర్రెలో ప్లాటినం, ఇరీడియం కలిపి చేసిన పాజిట్రానిక్ మెదడు ఉంటుంది. ఈ పని చేయి, ఈ పని చేయకు అనే మూడు సూత్రాలూ అందులోనే ముద్రపడి ఉంటాయి. అంటే ఆయన దృష్టిలో మరమనిషి ఎక్కడికి పోయినా దాని నీతి దానితోనే పోతుంది. అయితే ఆయనే 1944లో ఒక తమాషా కథ రాశాడు. గని తవ్వే మరమనిషి ఒకటి, దానికి వేళ్ళలాగా ఆరు పిల్ల మరమనుషులు. మనం వేళ్ళు కదిపినట్లు అది ఆ ఆరింటినీ కదుపుతుంది. మామూలు రోజుల్లో పని సాఫీగా సాగుతుంది. ప్రమాదం వచ్చి ఆరింటికీ ఒకేసారి ఆజ్ఞలివ్వాల్సి వచ్చినప్పుడు మాత్రం పెద్ద మెదడు తట్టుకోలేక దారి తప్పుతుంది. చివరకు మనుషులు ఒక వేలును పేల్చేస్తే, భారం తగ్గి, మెదడు దారిలో పడుతుంది. ఒకే మెదడు మీద ఎక్కువ ఒళ్ళు వేలాడదీస్తే ఆపదలోనే అది కూలుతుందని ఎనభై ఏళ్ళ కిందటే చెప్పిన కథ అది.

1947లో జాక్ విలియమ్సన్ రాసిన కథలో ఇంకో అడుగు ముందుకు పడింది. అందులో నల్లటి మరమనుషులు ఇంటింటికీ వచ్చి సేవలు చేస్తుంటాయి. వాటిలో ఏ ఒక్కదానికీ సొంత మెదడు లేదు. ఎక్కడో దూర గ్రహం మీదున్న ఒకే మెదడు అన్నిటినీ నడుపుతుంది. అవి మనిషిని కొట్టవు, తిట్టవు. నీకు దెబ్బ తగులుతుందని కత్తిని లాగేసుకుంటాయి, నువ్వు అలసిపోతావని పనిని లాగేసుకుంటాయి. నీ ముందున్నదానితో వాదించి లాభం లేదు, ఎందుకంటే నిర్ణయం తీసుకున్నది అది కాదు. నేను చదివినవాటిలో నన్ను ఎక్కువగా భయపెట్టిన మరమనుషులు ఇవే.

మనకు బాగా తెలిసిన సినిమా శంకర్ తీసిన రోబో. 2010లో తెలుగులో వచ్చింది. అందులో చిట్టి మంచివాడు కావడమూ చెడ్డవాడు కావడమూ ఒక ఎర్ర చిప్పు మీద ఆధారపడింది. చివర్లో వందల మరమనుషులు కలిసి బంతి అవుతాయి, పాము అవుతాయి, కొండంత మనిషి అవుతాయి. హాల్లో ఈలలు వేశాం. కానీ గమనించండి, ఆ పాముకు తల ఉన్నచోట మెదడు లేదు. అంతా చిట్టి ఆజ్ఞ. అందుకే ఒక్కచోట పట్టు దొరికేసరికి మొత్తం సైన్యం కూలిపోయింది.

ఇన్ని కథల్నీ ముందు పెట్టుకుంటే మూడు పద్ధతులు తేలుతాయి. మెదడు ఒంట్లోనే ఉండడం ఒకటి. ఒళ్ళంతా తలా కొంచెం పంచుకుని ఉండడం ఒకటి. చిలుకలాగా ఎక్కడో దూరాన ఉండడం ఒకటి. ఏ పద్ధతి ఎట్లా పనిచేస్తుందో తెలుసుకోవడానికి అమెరికా ప్రయోగశాలకు పోనక్కరలేదు. ఆదోనిలో బస్సెక్కి ఎమ్మిగనూరులో దిగి, మగ్గం చప్పుడు వినబడే ఏ ఇంటికైనా పోతే చాలు.

గుంత మగ్గంలో కూర్చున్న మనిషిని చూడండి. కాళ్ళు పలకలు తొక్కుతుంటాయి, పడుగు రెండుగా చీలుతుంది, నాడె అటునుంచి ఇటు పరుగెత్తి పేక వేస్తుంది. నేత ఇంట పుట్టినవాణ్ణి గనుక చిన్నప్పుడు మా తాతను అడిగాను, మగ్గానికి బుర్ర యాడుంది తాతా అని. "నా కాళ్ళల్లో ఉండాది పోరా, అడ్డం లే" అన్నాడు. కసురుకున్నాడు గానీ ఆయన చెప్పింది నిజం. ఏ పలక తర్వాత ఏ పలక తొక్కాలో ఆయన ఆలోచించేవాడు కాదు, కాళ్ళకు తెలుసు.

ఇప్పుడు మగ్గం మీద జకార్డు పెట్టె బిగించిన ఇంటికి పదండి. 1804లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో జకార్డ్ అనే ఆయన రూపొందించిన అమరిక అది. సరిగ్గా తల ఉండాల్సిన చోట, మగ్గం నెత్తిన, కూర్చుంటుంది. దానికి రంధ్రాలు పొడిచిన అట్టల దండ. ఒక్కో పేకకు ఒక్కో అట్ట. అట్టలో రంధ్రం ఉన్నచోట సూది దూరుతుంది, దాని కొక్కెం పడుగు పోగును పైకి లేపుతుంది. రంధ్రం లేనిచోట సూది వెనక్కు పోతుంది, పోగు కిందే ఉంటుంది. లేచిందా, లేవలేదా, అంతే. ఈ అవును కాదుల నుంచే పువ్వు పుడుతుంది, హంస పుడుతుంది. 1839లో జకార్డ్ బొమ్మనే పట్టు మీద నేయడానికి సుమారు 24 వేల అట్టలు పట్టాయి. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తాను తలపెట్టిన గణన యంత్రానికి ఈ అట్టలనే అరువు తెచ్చుకున్నాడు. కంప్యూటరు వంశవృక్షంలో మగ్గం ఉన్నదనడం మన గొప్పలు కాదు, చరిత్ర.

మన భాషే ఆ రహస్యం చెబుతుంది. సూత్రం అంటే దారమే, సూత్రం అంటే నియమమే. తోలుబొమ్మలాటలో తెర వెనక నిలబడి బొమ్మను ఆడించేవాణ్ణి తలచుకోండి. బొమ్మ చేతికి కట్టిన పుల్ల వాడి వేళ్ళ మధ్య ఉంటుంది. బొమ్మ తలలో తోలు తప్ప ఏమీ లేదు. అయినా తెల్లవార్లూ హనుమంతుడు లంక కాలుస్తూనే ఉంటాడు. ఆడించేవాడు మాత్రం మన ఊళ్ళోనే, మన కంటి ఎదుటే ఉన్నాడు. ఆట బాగోలేకపోతే తెర వెనక్కు పోయి అడగవచ్చు.

ఇదే మగ్గానికి 1983లో ఎలక్ట్రానిక్ జకార్డు వచ్చింది. అట్టల దండ పోయి, డిజైను కంప్యూటరు ఫైలు అయిపోయింది. అట్టలు ఇంట్లో వేలాడినంతకాలం మగ్గం మెదడు ఇంట్లో ఉంది. చిరిగితే అతికించుకున్నాం, కొత్త పువ్వు కావాలంటే కొత్త అట్ట పొడిపించుకున్నాం. ఫైలు అయ్యాక ఆ మెదడు ఏ ఊళ్ళోనైనా ఉండవచ్చు. ఇక్కడే అసలు కథ మొదలవుతుంది.

నిజమైన మరమనుషుల చరిత్ర కూడా ఇదే దారిలో నడిచింది. 1966 నుంచి 1972 వరకు కాలిఫోర్నియాలో షేకీ అనే యంత్రాన్ని తయారుచేసి గదుల్లో తిప్పారు. చక్రాల మీద వణుకుతూ నడిచేది గనుక ఆ పేరు. తన దారి తాను ఆలోచించుకుని కదిలిన మొదటి యంత్రాల్లో అదొకటి. కానీ దాని మెదడు దాని ఒంట్లో పట్టలేదు. వేరే గదిలో పెద్ద కంప్యూటరు ఆలోచిస్తే, రేడియో ద్వారా ఆజ్ఞ వచ్చేది. చిలుక ఒకచోట, ఫకీరు ఒకచోట! దీనికి పూర్తి వ్యతిరేకంగా 1989లో రాడ్నీ బ్రూక్స్ బృందం ఆరుకాళ్ళ పురుగులాంటి యంత్రాన్ని చేసింది. అందులో అంతా తెలిసిన పెద్ద మెదడంటూ లేదు. ఏ కాలి పని ఆ కాలు చూసుకుంటే నడక దానంతట అదే కుదిరింది. మా తాత కాళ్ళలాగా.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది. అందులోంచి బయటికొచ్చిన ప్రజ్ఞాన్ అనే ఆరు చక్రాల బండి 26 కిలోల బరువు. ఆగస్టు 27న దానికి మూడు మీటర్ల దూరంలో నాలుగు మీటర్ల వెడల్పు గొయ్యి ఎదురైంది. వెనక్కు మళ్ళమని భూమి మీద నుంచి ఆజ్ఞ పోయింది, మళ్ళింది. చంద్రుడికి సంకేతం పోవడానికి ఒక సెకను, పైన కొంచెం పడుతుంది గనుక అది సాధ్యం. అంగారకుడికైతే మూడు నిమిషాల నుంచి ఇరవై రెండు నిమిషాల దాకా పడుతుంది. అక్కడ గొయ్యి కనబడ్డాక అడిగి తెలుసుకునేసరికి బండి గోతిలో ఉంటుంది. కనుక అంగారకుడి మీద తిరిగే బండికి కొంత మెదడు ఒంట్లోనే పెట్టి పంపక తప్పదు. మన ఒంట్లోనూ ఈ ఏర్పాటు ఉంది. కాలిన పెనం తగిలితే తలలోని మెదడుకు కబురు చేరకముందే వెన్నుపాము చెయ్యి లాగేస్తుంది. దూరపు మెదడు ఎంత గొప్పదైనా, ఆపద సమయానికి దగ్గరి మెదడు కొంచెమైనా ఉండాలని ప్రకృతికి తెలుసు.

మరి మనం కట్టుకుంటున్న వ్యవస్థలకు ఆ సంగతి తెలుసా?

నా కళ్ళతో చూసింది ఒకటి చెబుతాను. ఒక చౌక దుకాణంలో ముసలి అవ్వ ఒకామె వేలిముద్ర వేసే యంత్రం ముందు నిలబడింది. యాభై ఏళ్ళు నూలు చుట్టీ చుట్టీ ఆమె వేళ్ళ గీతలు అరిగిపోయినాయి. బొటనవేలు పెట్టింది, కాదంది. చూపుడువేలు పెట్టింది, కాదంది. ఇంకోసారి పెడితే సర్వర్ లేదంది. "నేనే కదప్పా, నన్ను నువ్వెరగవా?" అని ఆమె దుకాణదారుణ్ణి అడిగింది. "ఎరుగుదునవ్వా, నేనెరిగితే ఏం లాభం, మిషను ఎరగాల గదా" అన్నాడు అతను. అతను అబద్ధం చెప్పలేదు, నిర్దయుడూ కాడు. ఆ చిన్న పెట్టె కేవలం ఒళ్ళు. మెదడు ఎక్కడో దూరాన ఉంది. మధ్య తాడు తెగింది. ఎదురుగా నిలబడిన ఇద్దరు మనుషులకు సంపూర్ణంగా తెలిసిన నిజం ఆ పెట్టెకు ఎక్కలేదు.

వేలిముద్ర పడకపోతే కంటిపాప చూసే ఏర్పాటు ఉందనీ, ఫోనుకు నంబరు పంపే పద్ధతి ఉందనీ అంటారు. ఉన్నాయి. అవి కూడా అదే చిలుకను అడిగే వేరు వేరు దారులే.

ఈ మాటంటే నా మిత్రుడు ఒకడు ఎదురు తిరిగాడు. "దూరపు మెదడు వల్ల దొంగ కార్డులు పోలేదా? ఒకచోట దిద్దితే దేశమంతా దిద్దుకోదా? ఊరికొక మెదడు పెడితే ఊరికొక దొర పుడతాడు. తెలిసినవాడికి బియ్యం, తెలియనివాడికి మొండిచెయ్యి అవుతుంది" అన్నాడు. అతని మాటలో బలముంది. దగ్గరి మనిషి ఎప్పుడూ ధర్మాత్ముడు కాడు, అది మన పల్లెలకు ఎవరూ చెప్పనక్కరలేదు. నేను చిలుకను చంపమనడం లేదు. ఒంట్లో వెన్నుపామును కూడా ఉంచమంటున్నాను. తాడు తెగిన రోజున ఆ అవ్వ బియ్యం ఆ అవ్వకు ఇచ్చి, పేరు రాసుకుని, సంతకం పెట్టి, తర్వాత లెక్క చెప్పే అధికారం ఆ దుకాణంలో నిలబడిన మనిషికి ఉండాలి. తప్పు చేస్తే అతన్ని నిలదీయవచ్చు. సర్వరును నిలదీసిన అవ్వ ఇంతవరకు లేదు.

2025 అక్టోబరులో విశాఖపట్నంలో బ్రహ్మాండమైన డేటా కేంద్రం పెడతామని గూగుల్ ప్రకటించింది. ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్లన్నారు. ఇక మెదడు మన రాష్ట్రానికే వస్తోందని కొందరు సంబరపడ్డారు. ఉద్యోగాలు వస్తే సంతోషమే. అయితే మర్రిచెట్టు మన పొలంలో ఉన్నంత మాత్రాన చిలుక మనది కాదు. మెదడు ఉన్న స్థలం ఒక ప్రశ్న, మెదడు ఎవరి చేతిలో ఉందనేది ఇంకో ప్రశ్న. మొదటిది భూగోళం, రెండోది అధికారం.

మెదడును దగ్గర పెట్టుకోవడం సాధ్యమా అని సందేహించేవాళ్ళు మన ఊరి చరిత్ర చూడాలి. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం స్థాపించారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మగ్గం నేతగాడి ఇంట్లోనే ఉన్నా, నూలు ధర, బట్ట ధర ఎక్కడో షావుకారు నిర్ణయిస్తే ఆ నేతగాడు ఒళ్ళే గానీ మెదడు కాడు. ఆ నిర్ణయాన్ని నేసేవాళ్ళే కూడి తీసుకోవాలన్నది సహకారం అనే మాటకు అర్థం. సంఘాలకూ జబ్బులుంటాయి, కాదనను. కానీ మెదడు ఎక్కడుండాలన్న ప్రశ్నకు మరమనిషి పేరు కూడా వినని రోజుల్లో మన పెద్దలు ఇచ్చిన జవాబు అది. ఆదోని యార్డుకు పత్తి తోలుకుపోయే రైతు కూడా ఈనాడు అదే ప్రశ్న ముందు నిలబడ్డాడు. దూదిని గింజ నుంచి విడదీసే మర ఆదోనిలో ఉంది. ధరను నిర్ణయించే మెదడు ఎన్ని సముద్రాల అవతల ఉందో!

మిత్రులారా, మనలో కొందరం రేపు ప్రోగ్రాములు రాస్తాం, కొందరం ఆఫీసుల్లో కూర్చుంటాం, కొందరం కథలు రాస్తాం. ఏ యంత్రం మన ఊరికి వచ్చినా మూడు ప్రశ్నలు అడుగుదాం. దీని మెదడు ఎక్కడుంది? తాడు తెగితే దీని ఒళ్ళు ఏం చేస్తుంది? ఇది కాదన్నప్పుడు నేను ఏ మనిషితో మాట్లాడాలి? ఈ మూడింటికీ జవాబు చెప్పలేని యంత్రాన్ని ఎంత నున్నగా మెరిసినా నమ్మవద్దు. ప్రోగ్రాము రాసేవాళ్ళు ఆ జవాబులు అందులోనే రాసిపెట్టండి. కథలు రాసేవాళ్ళు మరమనిషిని సృష్టించినప్పుడు దాని తల ఎంత అందంగా ఉందో వర్ణించి ఊరుకోకండి, దాని చిలుక ఏ చెట్టు మీద ఉందో కూడా రాయండి.

బాలవర్ధిరాజు ఫకీరుతో కత్తియుద్ధానికి దిగలేదు. ముందు చిలుక జాడ కనుక్కున్నాడు. మనం కూడా అక్కడి నుంచే మొదలుపెట్టాలి.